వచ్చిన దారి మూసుకుపోతే: సిప్ జవాబుల ప్రయాణంపై ఒక సమీక్ష

ఇంటర్నెట్ మీద ఫోన్ కాల్ కలిపే పని సిప్ ప్రోటోకాల్‌ది. ఒక ఫోన్ 'ఇన్వైట్' అనే అభ్యర్థన పంపుతుంది. దానికి మొదట 100, తర్వాత అవతల మోగుతోందని 180, ఎత్తారని 200, ఇలా అంకెల రూపంలో జవాబులు వెనక్కి వస్తాయి. అభ్యర్థన ముందుకు ఎలా వెళ్లాలన్న విషయం మీద బోలెడంత రాశారు. జవాబు వెనక్కి ఎలా రావాలన్నది మాత్రం ఒక్క వాక్యంలో తేలిపోయినట్టు కనిపిస్తుంది: టీసీపీ, టీఎల్ఎస్ లాంటి కనెక్షన్ మీద అభ్యర్థన వచ్చిందా, జవాబు కూడా ఆ కనెక్షన్ మీదే పంపు. దీని మీద ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా ఆ వాక్యానికి తగిలించిన షరతు దగ్గర ఉంది: ఆ కనెక్షన్ ఇంకా తెరిచి ఉంటే.

తెరిచి లేకపోతే ఏం చేయాలి? ఈ ప్రశ్నకు ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ పత్రాల్లో 1999 నుంచి రకరకాల సమాధానాలు పేరుకుపోయాయి. 1999 నాటి మొదటి పత్రం తప్ప, కొత్తది వచ్చినప్పుడు పాతది రద్దు కాలేదు. మిగతావన్నీ పక్కపక్కనే చెల్లుబాటవుతున్నాయి. ఒక సర్వర్ రాసేవారు ఒకదాన్ని నమ్ముతారు, ఫోన్ రాసేవారు ఇంకొకదాన్ని నమ్ముతారు. మధ్యలో కాల్ తెగుతుంది. అందుకే ఈ సమాధానాలన్నిటినీ ఒకచోట పెట్టి చూడాల్సిన అవసరం ఉంది.

వయా శీర్షిక: మొదటి ఆలోచన

సిప్ తొలి ప్రమాణం ఆర్ఎఫ్‌సీ 2543, 1999 మార్చిలో వచ్చింది. మార్క్ హ్యాండ్లీ, హెన్నింగ్ షుల్జ్‌రిన్, ఈవ్ షూలర్, జొనాథన్ రోజెన్‌బర్గ్ దాని రచయితలు. సందేశం రూపురేఖలు చాలావరకు వెబ్ వాడే హెచ్‌టీటీపీ నుంచి తెచ్చుకున్నవే. అయితే వెబ్‌కు లేని ఒక చిక్కు సిప్‌కు ఉంది. అది యూడీపీ మీద కూడా పనిచేయాలి. యూడీపీలో కనెక్షన్ అనేదే లేదు, ఒక్కో పొట్లం దేనికదే. కాబట్టి తిరుగు దారిని సందేశమే మోసుకుపోవాలి.

ఆ పనికే వయా శీర్షిక పెట్టారు. అభ్యర్థన ఏ ప్రాక్సీ (దారిలో సందేశాన్ని అందుకుని ముందుకు పంపే సర్వర్) గుండా వెళ్తే ఆ ప్రాక్సీ తన చిరునామాతో ఒక వయాను పైన పేరుస్తుంది. జవాబు వెనక్కి వచ్చేటప్పుడు పైనున్న తన వయాను తీసేసి, దాని కింద బయటపడ్డ చిరునామాకు పంపుతుంది. ఎవరూ ఏదీ గుర్తుపెట్టుకోనక్కర్లేదు. ఇంత చక్కటి ఏర్పాటు సిప్‌లో ఇంకొకటి లేదని చెప్పడానికి సందేహించనక్కర్లేదు. వేలకొద్దీ కాల్స్ మోసే ప్రాక్సీ ఒక్క కాల్ వివరమైనా జ్ఞాపకం పెట్టుకోకుండా పనిచేయగలిగిందంటే ఆ పేర్పు వల్లనే.

ఆ కాలంలో టీసీపీది రెండో స్థానం. ఫోన్లు టీసీపీ కూడా మాట్లాడితే మంచిదన్నారు అంతే. జవాబు పంపబోయే సమయానికి కనెక్షన్ లేకపోతే, వయాలో ఉన్న చిరునామాకు సర్వర్ కొత్త కనెక్షన్ తెరవవచ్చని రాశారు. దీని వెనక ఒక నమ్మకం ఉంది: నెట్‌వర్క్‌లో ప్రతి ఫోన్‌కూ ఒక బహిరంగ చిరునామా ఉంటుంది, ప్రతి ఫోనూ బయటి నుంచి వచ్చే కనెక్షన్ కోసం చెవి ఒగ్గి ఉంటుంది. ఆ నమ్మకం ఆ పత్రం వచ్చేనాటికే సడలడం మొదలైంది.

2002 నాటి మూడు మెట్లు

2002 జూన్‌లో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3261 పాత పత్రం స్థానంలోకి వచ్చింది. నేటికీ సిప్‌కు అదే మూలం. ఇందులో టీసీపీ అందరికీ తప్పనిసరి అయింది. సందేశాలు లావెక్కడమే కారణం. దారిలో ఎంత పెద్ద పొట్లం పడుతుందో తెలియనప్పుడు 1300 బైట్లు దాటిన అభ్యర్థనను యూడీపీ మీద పంపకూడదన్నారు. కనెక్షన్ల మీద జవాబులు అప్పటిదాకా అరుదు, ఇక్కణ్నుంచి నిత్యకృత్యం.

జవాబు పంపే పద్ధతిని ఆ పత్రం మూడు మెట్లుగా చెప్పింది. మొదటిది, అభ్యర్థన వచ్చిన కనెక్షన్ బతికుంటే తప్పనిసరిగా దాని మీదే. రెండోది, అది మూసుకుపోతే, వయాలో 'రిసీవ్డ్' అని సర్వర్ రాసుకున్న ఐపీ చిరునామాకు, ఫోన్ తన వయాలో చెప్పిన పోర్టుకు కొత్త కనెక్షన్ తెరిచి. మూడోది, అదీ కుదరకపోతే, ఆర్ఎఫ్‌సీ 3263 చెప్పినట్టు వయాలోని పేరును డీఎన్ఎస్‌లో వెతికి. దీనికి జతగా ఫోన్ల మీద ఒక బాధ్యత పెట్టారు: అభ్యర్థన పంపిన చిరునామా మీద, వయాలో చెప్పిన పోర్టు దగ్గర, బయటి కనెక్షన్‌ను అందుకోవడానికి సిద్ధంగా ఉండాలి.

ఈ మెట్లు ఒక మామూలు ఇంటి ఫోన్ విషయంలో ఎలా పనిచేస్తాయో చూద్దాం. ఇంట్లో ఫోన్ చిరునామా 192.168.1.20. అది టీసీపీ కనెక్షన్ తెరిచినప్పుడు ఆపరేటింగ్ సిస్టం 49200 అనే తాత్కాలిక పోర్టు ఇచ్చింది. ఇంటి రౌటర్ దాన్ని మార్చి బయటికి 203.0.113.7 చిరునామా, 31544 పోర్టుగా చూపించింది. వయాలో ఫోన్ రాసుకున్నది మాత్రం 192.168.1.20, పోర్టు 5060. రెండూ పొసగడం లేదని గమనించిన సర్వర్ 'రిసీవ్డ్' దగ్గర 203.0.113.7 అని చేర్చింది. అవతల మోగుతోంది. పాతిక సెకన్లకు రౌటర్ ఒకసారి ఆగి మళ్లీ లేచింది, కనెక్షన్ పోయింది. అదే క్షణంలో అవతలివారు ఫోన్ ఎత్తారు. 200 జవాబు పంపాలి.

మొదటి మెట్టు లేదు. రెండో మెట్టు ప్రకారం సర్వర్ 203.0.113.7 మీద 5060 పోర్టు తలుపు కొడుతుంది. అక్కడున్నది రౌటర్. 5060కి వచ్చినదాన్ని లోపల ఎవరికివ్వాలో దానికి తెలియదు. మూడో మెట్టులో వెతకడానికి పేరు లేదు, ఉన్నది అంకెల చిరునామా. 192.168.1.20 అనేది సర్వర్ ఉన్న నెట్‌వర్క్‌లో లేకపోవచ్చు, ఉంటే అది వేరే ఎవరి యంత్రమో అయి ఉండవచ్చు. ఇంతలో ఎత్తినవారి ఫోన్ 200ను అర సెకనుకు ఒకసారి, తర్వాత ఒక సెకను, రెండు, నాలుగు సెకన్ల ఎడంతో మళ్లీ మళ్లీ పంపుతుంది. టీసీపీ మీదైనా ఈ జవాబును తిరిగి పంపాల్సిందే, ఎందుకంటే దారిలో ఏదో ఒక మజిలీ యూడీపీ కావచ్చు. 32 సెకన్లు గడిచినా ఏక్ అనే ధ్రువీకరణ రాకపోతే కాల్‌ను తెంచేస్తుంది. ఎత్తినవారు ఆ అర నిమిషంపైన హలో హలో అంటూనే ఉంటారు.

టీఎల్ఎస్ అయితే చిక్కు ఇంకొంచెం పెద్దది. కొత్త కనెక్షన్ సర్వర్ నుంచి ఫోన్‌కు తెరవాలంటే పాత్రలు తారుమారవుతాయి. ఇప్పుడు ఫోనే ధ్రువపత్రం చూపించాలి. ఇళ్లలో, జేబుల్లో ఉండే ఫోన్లలో ఎక్కువ వాటికి అలాంటి ధ్రువపత్రం ఉండదు. అంటే భద్రత పెరిగినకొద్దీ ఈ రెండో మెట్టు ఇంకా బలహీనపడుతుంది.

చిరునామా పక్షం

ఇక్కడి నుంచి ఆలోచనలు చీలాయి. జాబు మీదున్న చిరునామాకు జవాబు రాయడం ఒక పద్ధతి, జాబు తెచ్చి నిలబడ్డ మనిషి చేతికే జవాబు ఇవ్వడం ఇంకో పద్ధతి. మొదటిదాన్ని నమ్మేవారి దృష్టిలో వయాయే అసలు, కనెక్షన్ ఒక అడ్డదారి మాత్రమే. అడ్డదారి మూసుకుంటే అసలు దారి ఉండనే ఉంది. కాబట్టి చేయాల్సిందల్లా వయాలోని చిరునామాను ఇంకా నమ్మదగినదిగా చేయడం.

యూడీపీ విషయంలో ఈ పక్షం గెలిచింది. 2003 ఆగస్టులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 3581 వయాకు 'ఆర్‌పోర్ట్' అనే పరామితిని చేర్చింది. పొట్లం ఏ పోర్టు నుంచి వచ్చినట్టు కనిపించిందో సర్వర్ అందులో రాసుకుని, జవాబు ఆ పోర్టుకే పంపుతుంది. రౌటర్ వెనకున్న ఫోన్లకు ఇది పెద్ద ఊరట. టీసీపీకి మాత్రం ఈ చిట్కా పనికిరాదు. తాత్కాలిక పోర్టు దగ్గర ఎవరూ బయటి కనెక్షన్ కోసం ఎదురుచూడరు. దాన్ని రాసిపెట్టుకున్నా తలుపు కొట్టడానికి అక్కడ తలుపు లేదు.

సర్వర్ల మధ్య మాత్రం ఈ పక్షం వాదన నేటికీ గట్టిదే. ఒక టెలికాం సంస్థ ప్రాక్సీ ఇంకో సంస్థ ప్రాక్సీతో మాట్లాడేటప్పుడు రెండింటికీ బహిరంగ చిరునామాలుంటాయి, రెండూ వింటూ ఉంటాయి, టీఎల్ఎస్ ధ్రువపత్రాలూ ఉంటాయి. అక్కడ రెండో మెట్టు, మూడో మెట్టు చక్కగా పనిచేస్తాయి. పేరు డీఎన్ఎస్‌లో ఉంటే, ఒక యంత్రం పడిపోయినా అదే పేరుతో ఉన్న ఇంకో యంత్రానికి జవాబు చేరే అవకాశం కూడా ఉంది.

కనెక్షన్ పక్షం

2009 అక్టోబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 5626, వాడుకలో 'అవుట్‌బౌండ్', రెండో పక్షానికి ఆధారం. దీని ప్రకారం ఫోన్ తెరిచిన కనెక్షనే ఫోన్‌కు చేరే దారి. దానికి 'ఫ్లో' అని పేరు పెట్టారు. ఫోన్ కనీసం రెండు ప్రాక్సీలతో విడివిడిగా ఫ్లోలు పెట్టుకోగలగాలి. కనెక్షన్ బతికుందో లేదో తెలుసుకోవడానికి ఫోన్ రెండు ఖాళీ పంక్తులు పంపుతుంది, సర్వర్ ఒక ఖాళీ పంక్తితో బదులిస్తుంది. పది సెకన్లలో బదులు రాకపోతే ఆ ఫ్లో చచ్చినట్టే లెక్క. వేరే సూచన లేనప్పుడు ఈ పలకరింపు 95 నుంచి 120 సెకన్లకొకసారి జరగాలన్నారు.

టీసీపీ కనెక్షన్‌ను రౌటర్లు ఎక్కువసేపు కాపాడతాయన్నది ఈ పక్షానికి కలిసొచ్చిన విషయం. 2008 నాటి ఆర్ఎఫ్‌సీ 5382 ప్రకారం ఊరకే ఉన్న టీసీపీ కనెక్షన్‌ను రౌటర్ కనీసం 2 గంటల 4 నిమిషాలు ఉంచాలి. యూడీపీకి 2007లో పెట్టిన కనీస గడువు రెండు నిమిషాలే. అన్ని రౌటర్లూ ఈ మాట పాటించవు గానీ తేడా స్పష్టం.

ఈ వాదాన్ని చివరిదాకా తీసుకెళ్లింది 2014 జనవరి నాటి ఆర్ఎఫ్‌సీ 7118. బ్రౌజర్‌లోంచి వెబ్‌సాకెట్ మీద సిప్ నడిపే పద్ధతి అది. బ్రౌజర్ బయటి కనెక్షన్ కోసం వినలేదు. తన చిరునామా కూడా దానికి తెలియదు. అందుకే వయాలో 'ఇన్‌వ్యాలిడ్' అనే తోకతో ఒక కల్పిత పేరు రాసుకోవచ్చు. కనెక్షన్ మూసుకుపోతే సర్వర్ కొత్తది తెరిచే ప్రయత్నమే చేయకూడదు. మూడు మెట్లలో రెండు తీసేశారు. ఈ పత్రంలోని నిజాయితీ మెచ్చుకోదగ్గది. సామాన్య టీసీపీ ఫోన్ల పరిస్థితి కూడా ఆచరణలో ఇదే, కానీ వాటి విషయంలో ఆ మాట ఏ ప్రమాణంలోనూ అంత సూటిగా రాయలేదు.

రెండు పక్షాల మధ్య ఒక వంతెనగా 2010 జూన్‌లో ఆర్ఎఫ్‌సీ 5923 వచ్చింది. ఒక సర్వర్ తెరిచిన కనెక్షన్ మీద అవతలి సర్వర్ తన సొంత అభ్యర్థనలను కూడా పంపుకోవచ్చని, అందుకు వయాలో 'ఏలియస్' అని రాయాలని చెప్పింది. ఇది టీఎల్ఎస్ మీద, రెండు వైపులా ధ్రువపత్రాలు చూపించుకున్నప్పుడే. లేకపోతే ఎవరైనా తన వయాలో ఇంకొకరి చిరునామా రాసి, వాళ్లకు చేరాల్సిన కాల్స్ అన్నిటినీ తన కనెక్షన్ మీదికి మళ్లించుకోగలరు. జవాబుకు ఈ బెడద లేదు, అది అడిగినవాడికే వెళ్తుంది. అభ్యర్థనకు, జవాబుకు వేర్వేరు నియమాలు ఉండటానికి గట్టి కారణం ఇదే. చర్చల్లో ఈ రెంటినీ కలిపేయడం వల్ల చాలా గందరగోళం పుట్టింది.

గుర్తుపెట్టుకోని ప్రాక్సీ ఏం చేయాలి

మొదటి మెట్టుకు ఒక ఖర్చుంది. ఏ లావాదేవీ (ఒక అభ్యర్థన, దాని జవాబులు కలిపి) ఏ కనెక్షన్ మీద వచ్చిందో సర్వర్ గుర్తుపెట్టుకోవాలి. లావాదేవీలనే గుర్తుపెట్టుకోని ప్రాక్సీలు ఉన్నాయి కదా, వాటి మాటేమిటి? బెర్లిన్‌లోని ఫ్రాన్‌హోఫర్ ఫోకస్ సంస్థలో పుట్టిన సెర్ అనే సర్వర్, దాని వారసుడైన కమాయిలియో ఒక తెలివైన మార్గం పట్టాయి. అభ్యర్థనను ముందుకు పంపేటప్పుడు తమ వయాలో 'ఐ' అనే పరామితి కింద కనెక్షన్ సంఖ్యను రాసి పంపుతాయి. జవాబు ఆ వయాతోనే తిరిగొస్తుంది కాబట్టి సంఖ్య చూసి కనెక్షన్ పట్టుకుంటాయి. చిరునామా పక్షం తయారుచేసిన పాత్రలో కనెక్షన్ పక్షం సరుకు పెట్టడం ఇది. కొత్త ప్రమాణం అక్కర్లేకుండా జరిగిన పని. అయితే ఆ సంఖ్యకు ఆ ఒక్క యంత్రంలోనే అర్థం ఉంటుంది.

మొబైల్ నెట్‌వర్క్‌లో

ఇదంతా కంప్యూటర్ ఫోన్ల గొడవ అనుకోనక్కర్లేదు. 2016 సెప్టెంబరులో దేశంలో జియో సేవలు మొదలైనప్పుడు దానికి 2జీ, 3జీ లేవు. కాల్స్ అన్నీ 4జీ మీద నడిచే వోల్టీఈ పద్ధతిలోనే. వోల్టీఈ కాల్ అంటే సిప్ కలిపే కాల్. ఆదిలాబాద్‌లోనైనా అనకాపల్లిలోనైనా ఇప్పుడు వోల్టీఈ మీద మాట్లాడే ప్రతి మాటకూ ముందు ఈ ఇన్వైట్, 180, 200 నడుస్తాయి.

మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ ఈ ప్రశ్నను వేరే కోణంలో పరిష్కరించింది. ఫోన్‌కు, నెట్‌వర్క్‌లో దానికి ఎదురుపడే మొదటి ప్రాక్సీకి మధ్య ఐపీసెక్ రక్షణ ఉంటుంది. అందులో ఇరువైపులా రెండేసి పోర్టులు, ఒకటి అడగడానికి, ఒకటి వినడానికి. ఫోన్ తన అడిగే పోర్టు నుంచి అభ్యర్థన పంపితే, యూడీపీలో జవాబు ఫోన్ వినే పోర్టుకు వస్తుంది. టీసీపీలో అయితే అదే కనెక్షన్ మీద అడిగిన పోర్టుకే వస్తుంది. ఒకే ఫోన్, ఒకే కాల్, రవాణా మారితే జవాబు దిగే చోటు మారుతుంది. ఫోన్ తయారీదారులు రెండింటినీ సరిగ్గా రాయాలి. ఇన్వైట్ తరచూ 1300 బైట్లు దాటుతుంది కాబట్టి టీసీపీ దారి ఇక్కడ మినహాయింపు కాదు.

ఇక్కడ ఫోన్ నిజంగానే వింటుంది, నెట్‌వర్క్‌కు దాని చిరునామా తెలుసు. 2002 పత్రం ఊహించిన ప్రపంచం సంస్థ గోడల మధ్య దాదాపు నిజమైంది. ఫోన్ల విషయంలో రెండో మెట్టుకు మర్యాద దక్కిన చోటు ఇదే.

పక్కపక్కన పెట్టి చూస్తే

చిరునామా పద్ధతికి బలం మరుపును తట్టుకోవడం. యంత్రం మారినా, కనెక్షన్ తెగినా దారి సందేశంలోనే ఉంటుంది. రౌటర్ వెనక, టీఎల్ఎస్ కింద అది కూలిపోతుంది. కనెక్షన్ పద్ధతి సరిగ్గా ఆ రెండు చోట్లా నిలబడుతుంది. దాని బలహీనత, కనెక్షన్ ఒక యంత్రం జ్ఞాపకంలో ఉండటం. ఆ యంత్రం ఆగిపోతే ప్రయాణంలో ఉన్న జవాబులన్నీ దిక్కులేనివవుతాయి. కనెక్షన్ సంఖ్యను వయాలో మోయించే పద్ధతి ఖర్చు తగ్గిస్తుంది గానీ ఆ బలహీనతను పోగొట్టదు. సర్వర్ల మధ్య మొదటిది, ఫోన్లకూ సర్వర్‌కూ మధ్య రెండోది వాడటమే సబబు. ఒకే నియమం అన్ని చోట్లా పెట్టడం వల్లే ఇన్నేళ్ల అయోమయం. ఇంటి ఫోన్‌కు జవాబు చేర్చడానికి 5060 తలుపు కొట్టే సర్వర్ సాధించేదేమీ లేదు. ఆ సమయమంతా ఎత్తినవారు మౌనం వింటారు.

తేలనివి

మొదటిది, తెగిన కనెక్షన్ తర్వాత ఫోన్ ఏం చేయాలి? అవుట్‌బౌండ్ రెండో ఫ్లో ఇచ్చింది, నిజమే. కానీ అది కొత్త అభ్యర్థనలకు పనికొస్తుంది. అప్పటికే ప్రయాణంలో ఉన్న జవాబుకు కాదు. జవాబు వయా చెప్పిన అంచు ప్రాక్సీ (ఫోన్‌కు ఎదురుపడే మొదటి ప్రాక్సీ) దగ్గరికే వస్తుంది, దాని చేతిలోని కనెక్షన్ చచ్చిపోయి ఉంటుంది. పక్క ప్రాక్సీ దగ్గర ఆ ఫోన్ నిక్షేపంగా ఉన్నా, జవాబును అటు మళ్లించే నియమం లేదు.

రెండోది, అదే ఇన్వైట్‌ను ఫోన్ రెండో దారిలో మళ్లీ పంపితే? కొత్త లావాదేవీ కాబట్టి వయాలో లావాదేవీని గుర్తుపట్టించే శాఖ గుర్తు కొత్తది పెట్టాలి. అవతలి ఫోన్‌కు అదే కాల్ గుర్తు, అదే వరుస సంఖ్య, అదే ట్యాగు, వేరే శాఖతో కనిపిస్తాయి. ఒకే అభ్యర్థన రెండు దారుల్లో వచ్చిందని భావించి 482 అనే తిరస్కారం పంపడమే ఆర్ఎఫ్‌సీ 3261 నియమం. రెండుసార్లు మోగకుండా కాపాడటానికి పెట్టిన నియమం, తెగిన కాల్‌ను నిలబెట్టుకునే ప్రయత్నానికి అడ్డుపడుతోంది. వరుస సంఖ్య పెంచో, కొత్త కాల్‌గానో పంపితే 482 రాదు. కానీ అప్పుడు అవతల ఒక కాల్ మోగుతుండగానే రెండో కాల్ వచ్చినట్టవుతుంది.

మూడోది, జవాబు పంపలేకపోయిన సర్వర్ లావాదేవీని ఎంతసేపు ఉంచుకోవాలి? 2002 పత్రంలో రవాణా విఫలమైతే లావాదేవీ ముగిసినట్టే. 2010 సెప్టెంబరులో వచ్చిన ఆర్ఎఫ్‌సీ 6026 దీన్ని సవరించింది. ఇన్వైట్ విషయంలో పంపడం విఫలమైందన్న ఒక్క కారణంతో స్థితిని చెరిపేయకూడదంది. మంచి మార్పు. ఉంచుకున్న స్థితి ఎప్పుడు పనికొస్తుంది అంటే, అదే శాఖ గుర్తుతో అభ్యర్థన మళ్లీ వస్తే. టీసీపీ మీద ఫోన్ అలా తిరిగి పంపదు, కనెక్షన్ తెగగానే దాని వైపు లావాదేవీ ముగిసిపోతుంది. సర్వర్ ఎదురుచూస్తుంది, రావాల్సినది రాదు.

రవాణా మారితే ఇదంతా పోతుందన్న ఆశ ఒకటి ఉంది. 2021 మేలో ప్రమాణమైన క్విక్ అనే రవాణాలో కనెక్షన్‌కు సొంత గుర్తింపు సంఖ్య ఉంటుంది. ఫోన్ వైఫై నుంచి మొబైల్ డేటాకు మారి చిరునామా మారినా కనెక్షన్ నిలుస్తుంది. 2020లో రోజెన్‌బర్గ్, కల్లెన్ జెన్నింగ్స్ తదితరులు తెచ్చిన రిప్ట్ అనే ప్రతిపాదన, సిప్ పని చేసే కొత్త ప్రోటోకాల్‌ను క్విక్ మీద నడిచే హెచ్‌టీటీపీ/3 మీద కట్టాలంది. అది ప్రమాణం కాలేదు. క్విక్ వల్ల ఫోన్ వైపు తెగుడు తగ్గుతుందన్నది నిజం. సర్వర్ వైపు యంత్రం ఆగిపోతే కనెక్షన్ సంఖ్య ఎంత గట్టిదైనా దాని వెనక ఉండాల్సిన స్థితి ఉండదు. ఆ భాగానికి సమాధానం రవాణా పొరలో దొరకదు, లావాదేవీ నియమాల్లో, ముందుగా 482 దగ్గర, రాయాల్సి ఉంది.